నానమ్మ నిలబెట్టిన సముద్రం

శనివారం రాత్రి

నా సముద్రం ఈ రోజు మా దిల్‌సుఖ్‌నగర్ ఇంటి హాల్లోకి పొంగి పొర్లింది.

పొద్దున రంగుల్లో గమ్మూ నీళ్లూ తేనెలా జారేదాకా కలిపి, రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, కుంచె ముట్టకుండా కాన్వాసు మీద సముద్రంలా పోశాను. నీలంలో తెల్లటి నురగ విచ్చుకుంది. రెండు రోజులు కదలకుండా ఆరాలని నాలుగు స్టీలు గ్లాసుల మీద పడుకోబెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి నానమ్మ దాన్ని గోడకు నిలబెట్టి, కారుతున్న రంగును కొంగుతో తుడుస్తోంది.

“పటాన్ని గట్ల పండవెడ్తరా బిడ్డా? ఇంటికి మంచిది గాదు.”

“అది దేవుడి పటం గాదే! నీకేం తెల్వదు, ముట్టకు!” అని అరిచాను.

ఎల్బీనగర్‌లో స్వాతక్క పార్లర్ ఎల్లుండే తెరుస్తోంది. అక్కడి గోడకు నా బొమ్మ కావాలని అడిగిన మొట్టమొదటి మనిషి ఆమె. ఇప్పుడు మళ్లీ పోసినా అప్పటికి ఆరదు. ఆమెకు ఏ ముఖంతో ఫోన్ చేయాలి?

నానమ్మ అన్నం ముట్టలేదని అమ్మ రెండుసార్లు తలుపు కొట్టింది. అంటే బొమ్మ పోయిన మహాకళాకారుడే వెళ్లి బతిమాలాలి! వెళ్లను. ఈ పేజీ నిండా తిట్టాకే లేస్తాను.

హాల్లోంచి నానమ్మ గొంతు: “వాడు తిన్నడా?”

ఈ మనిషి నన్ను ప్రశాంతంగా కోప్పడనివ్వదు కూడా...