బుక్ చేయని టేబుళ్లు

ఆగస్టు 16, ఉదయం 5.40

ఆస్పత్రి వెయిటింగ్ హాలు. నా భార్య వెర్నాని లోపలికి తీసుకెళ్లారు. ఆపరేషన్ ఇంకా మొదలు కాలేదు, సిద్ధం చేస్తున్నారట. కాఫీ మిషన్ పాడైంది.

వెళ్లేముందు తను నా చేతిలో పెట్టింది పెళ్లి ఉంగరం కాదు, ఒక కాగితం. దాని మీద నాలుగు రోజులు, నాలుగు రెస్టారెంట్లు, నాలుగు టైములు. అక్టోబరు పదిహేను నుంచి పద్దెనిమిది దాకా. చివరిదాని కింద రెండు గీతలు గీసింది: గ్లాస్ గార్డెన్, 6.10, కిటికీ పక్కన. ఏటా మేం వెళ్లే ఫ్లోరిడా పార్కులో, మొదటి రోజుకి అరవై రోజుల ముందు, ఉదయం ఆరింటికి, ఉండే రోజులన్నిటికీ కలిపి భోజనాల బుకింగ్ తెరుస్తారు. ఆరూ పదికల్లా మంచివన్నీ ఎగిరిపోతాయి. ఇరవై రెండేళ్లుగా వెర్నా అలారం పెట్టుకుని లేచి ఆ పని చేస్తోంది. ఒక్క ఏడాది తప్పలేదు. నన్ను ఒక్కసారి కూడా దగ్గరికి రానివ్వలేదు.

ఈసారి గత్యంతరం లేదు. స్ట్రెచర్ మీంచే చెప్పింది, ఆరు కొట్టగానే నొక్కు క్లైడ్, ఆలోచించకు, నువ్వు ఆలోచించడం మొదలుపెడితే మనకి పాప్‌కార్న్ కూడా మిగలదు అని.

5.52. ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లు స్కూల్ బస్సు నడిపినవాణ్ణి, ఒక బటన్ నొక్కలేనా.

అదే రోజు, మధ్యాహ్నం 2

నొక్కలేదు.

ఆరుకి రెండు నిమిషాలుందనగా నర్సు వచ్చింది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లిపోతున్నాం, ఒకసారి చూస్తారా అంది. ఫోన్ జేబులో పడేసి పరిగెత్తాను. తలుపుల దాకా వెర్నా చెయ్యి పట్టుకుని నడిచాను. చెయ్యి చల్లగా ఉంది. తలుపులు మూసుకున్నాక అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఎంతసేపో తెలీదు. ఫోన్ తీసేసరికి 6.50. నాలుగూ ఫుల్.

మెలకువ రాగానే, పెదాలు తడి చేయకముందే అడిగింది, బుక్ అయ్యాయా అని. నాలుగూ అయ్యాయి అన్నాను. కిటికీ పక్కనేనా అంది. కిటికీ పక్కనే అన్నాను. నవ్వుతూ మళ్లీ నిద్రపోయింది.

అప్పుడు ఇంకేం చెప్పాలి నేను?

సెప్టెంబరు 3

రిపోర్టు వచ్చింది. డాక్టరు గదికి వెళ్లబోతే కారు అడ్డంగా పెట్టావు, తీసి సరిగ్గా పెట్టి రా అని వెర్నా నన్ను పంపేసింది. వెళ్లి చూస్తే కారు సరిగ్గానే ఉంది. తిరిగి వచ్చేసరికి తనే బయటికి వచ్చేసింది. అంతా శుభ్రంగా ఉందట. గడ్డ తీసేశారు, అయిపోయింది, ఇక అక్టోబరు గురించి ఆలోచించు అంది.

కారులో స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. వెర్నా నా వీపు మీద తడుతూ కూర్చుంది. బస్సులో పిల్లలు చూస్తే పరువు పోయేది అంది.

సెప్టెంబరు 11

ఎవరైనా క్యాన్సిల్ చేసుకుంటే ఆ టేబుల్ ఫోన్‌లో కనిపిస్తుందట. రోజుకి ముప్పైసార్లు చూస్తున్నాను. బాత్రూంలో కూర్చుని చూస్తున్నాను. కడుపు బాగాలేదా అని వెర్నా అడుగుతోంది.

సెప్టెంబరు 29

ఏమీ లేదు.

అక్టోబరు 13

రేపు బయల్దేరతాం. వెర్నా చెల్లెలు ఫోన్ చేసి ఎప్పటి పాటే పాడింది. పిల్లా పీచూ లేనివాళ్లు ఏటేటా ఆ పిల్లల పార్కుకి పోవడమేంటే, సిగ్గు లేదా మీ ఇద్దరికీ అని. అయితే నీ పిల్లల్ని తోడివ్వు, తీసుకెళ్తాం అంది వెర్నా. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు నాకూ వినిపించింది.

నిజం చెప్పేద్దామని వంటింట్లోకి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి నీళ్లు తాగి వచ్చాను. రెండోసారి సూట్‌కేసు తాళం గురించి అడిగి వచ్చాను.

అక్టోబరు 15

ఫెర్రీ హౌస్, 12.30.

బుకింగ్ లేనివాళ్లకి వాక్-అప్ లిస్టు ఉంటుంది. గుమ్మం దగ్గర పేరు రాయించుకుని కూర్చోవాలి. ఎవరైనా రాకపోతే పిలుస్తారు. పిలిచినా పిలవకపోయినా వాళ్లిష్టం. వెర్నాని నీడలో బెంచీ మీద కూర్చోబెట్టి, మన పేరు చెప్పి వస్తానని నేనొక్కణ్ణే వెళ్లాను. గంటా ఇరవై నిమిషాలు పట్టొచ్చు, మీరు కాస్త తిరిగి రండి అంది అక్కడి అమ్మాయి. తిరగడానికి నా భార్యకి ఆపరేషన్ నొప్పి ఇంకా తగ్గలేదమ్మా అనలేదు నేను. అలాగే అన్నాను.

వంటింట్లో ఏదో గొడవట, ఆలస్యమవుతుందట అని చెప్పాను వెర్నాకి. ఇరవై రెండేళ్లలో ఫెర్రీ హౌస్ ఒక్కసారి ఆలస్యం చేయలేదు, ఇదేం చోద్యం అంది. కొత్త మేనేజరేమో అన్నాను. ఒక అబద్ధం చెబితే దానికి వంటవాడు, మేనేజరు అందరూ కావాల్సి వస్తున్నారు.

1.55కి పిలిచారు. క్యాట్‌ఫిష్ బాగుందంది వెర్నా. నాకు రుచి తెలియలేదు.

అక్టోబరు 16

దేవుడు మబ్బుల రూపంలో వచ్చాడు.

క్యాజిల్ హాలుకి ఐదింటికి వెళ్లాలి. నాలుగున్నరకి లిస్టు అడిగితే మూసేశాం అన్నారు. ఐదుకి పది నిమిషాలుండగా ఉరిమింది. ఫ్లోరిడా వాన తెలిసిందే, బకెట్లతో కుమ్మరించింది. పార్కులో రైడ్లు ఆపేశారు. తడిసిన పిల్లల్ని చంకనేసుకుని జనం గేట్ల వైపు పరుగు. నేను మళ్లీ గుమ్మం దగ్గరికి పోయాను. లోపల సగం టేబుళ్లు ఖాళీ. ఎంతమంది సార్, రండి రండి అన్నాడు ఇందాక వద్దన్నవాడే.

వెర్నా రెయిన్‌కోటు విప్పుతూ, చూశావా, బుక్ చేసుకున్నవాళ్లకి వానొచ్చినా దిగుల్లేదు అంది. అవును అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్టోబరు 17

ఇవాళ్టిది రాయాలని లేదు. రాస్తాను.

స్టేషన్ గ్రిల్. లిస్టు లేదు, వానా లేదు. అక్కడ బార్ దగ్గర ఎత్తు స్టూళ్లుంటాయి, వాటికి బుకింగ్ అక్కర్లేదు, ముందు ఎవరు కూర్చుంటే వాళ్లవి. భోజనం మాత్రం లోపల పెట్టేదే పెడతారు. రెండు ఖాళీ అవగానే దూకి పట్టుకున్నాను. ఈసారి ఇక్కడ బుక్ చేశాను, కొత్తగా ఉంటుందని అన్నాను. వెర్నా స్టూలు వైపు చూసింది. నా వైపు చూసింది. నీకు బుద్ధి ఎప్పుడొస్తుందయ్యా అని మాత్రం అని, నా భుజం ఆసరాగా పట్టుకుని ఎక్కింది.

కూర్చున్న పావుగంటకి ఫోర్కు కింద పెట్టేసింది. పక్కటెముకల కింద చెయ్యి అదిమి పట్టుకుంది. ముఖం పాలిపోయింది. వీపు ఆనించడానికి ఏమీ లేని స్టూలు మీద, ఆపరేషన్ గాటు మీద బరువంతా వేసుకుని, నా పరువు కోసం అంతసేపు కూర్చుందన్నమాట. దింపుతుంటే పళ్లు బిగబట్టింది. సగం ప్లేటు అక్కడే వదిలేసి గదికి వచ్చేశాం.

నా అబద్ధం నాకే బరువుగా ఉంటుందనుకున్నాను. తను మోసింది.

మాత్ర వేసుకుని పడుకుని, రేపు గ్లాస్ గార్డెన్‌లో నీతో ఒక మాట చెప్పాలి అంది. ఇప్పుడే చెప్పు అన్నాను. ఊహూ, అక్కడే, కిటికీ దగ్గరే అంది. తనకి తెలిసిపోయినట్టుంది. నన్ను తెల్ల టేబుల్‌క్లాత్ ముందు కూర్చోబెట్టి చీవాట్లు పెడుతుంది. పెట్టనీ. కానీ పెట్టడానికైనా ఆ టేబుల్ ఉండాలి కదా.

అక్టోబరు 18, ఉదయం 9

వెర్నా లేవకముందే గ్లాస్ గార్డెన్‌కి వెళ్లాను. గుమ్మం దగ్గర రోసాల్బా అనే పెద్దావిడ మెనూ కార్డులు తుడుస్తోంది. ఆమె ముందు మొత్తం కక్కేశాను. ఆస్పత్రి, ఆరింటి బటన్, స్టూలు, అన్నీ.

ఆవిడ తుడవడం ఆపకుండా వింది. తర్వాత అంది, అయ్యా, ఇక్కడికి వచ్చే ప్రతివాళ్లకీ ఒక కథ ఉంటుంది, ఎవరి కథ పెద్దదో తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు, లిస్టు నాలుగింటికి తెరుస్తాను, మొదట నిలబడితే మొదట రాస్తాను, అంతే అని. కోపం వచ్చింది. బయటికి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచింది. ఆరూ పది వాళ్లు రాకపోతే పదిహేను నిమిషాలు చూస్తానండీ, ఆరూ ఇరవై అయిదుకి ఆ టేబుల్ లిస్టులో మొదటివాళ్లది అంది.

అక్టోబరు 18, సాయంత్రం 4.20

లిస్టులో మొదటి పేరు నాది. వెర్నా గదిలో పడుకుంది. ఆరింటికి నేనే వచ్చి తీసుకెళ్తాను, కదలొద్దని చెప్పి వచ్చాను. ఎదురుగా బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. నా వెనక ఇప్పటికే పదకొండు పేర్లు.

ఎవరో ఇద్దరు రాకూడదని కోరుకుంటున్నాను. వాళ్లకి ఏ చెడూ జరగకూడదు, ఊరికే మర్చిపోతే చాలు.

అక్టోబరు 18, రాత్రి 8

ఐదింటికి వెర్నా వచ్చేసింది. నీలం గౌను వేసుకుని, ఒక్కో అడుగూ చూసి వేస్తూ. కిటికీలోంచి ముందే సరస్సు చూద్దామని వచ్చిందట. వాక్-అప్ అని రాసిన బోర్డు కింద బెంచీ మీద నన్ను చూసింది. ఇక్కడెందుకు కూర్చున్నావు, ఇది బుకింగ్ లేనివాళ్ల చోటు కదా అంది.

చెప్పేశాను. నాలుగింటిలో ఒక్కటీ బుక్ చేయలేదన్నాను. తనకి తెలీనే తెలీదు. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది, నిన్న చెబుతానన్న మాట ఇది కాదని.

బెంచీ రెండో చివర కూర్చుంది. తర్వాత అంది, రెండు నెలలు నా ముఖంలోకి చూస్తూ ఎలా తిన్నావురా అన్నం అని. నన్ను రా అనడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. స్టూలు మీద నా ప్రాణం పోయింది తెలుసా అంది. తెలుసు అన్నాను. పార్కంతా పాటలు, పిల్లల కేకలు. మేమిద్దరం బెంచీకి చెరో చివర.

అప్పుడు నా వైపు జరిగింది. సరే, నిన్ను తిట్టే మొహం నాకూ లేదులే అంది.

సెప్టెంబరు మూడున డాక్టరు శుభ్రంగా ఉందనలేదట. జబ్బు కాలేయానికి పాకిందన్నాడట. మందులు మొదలుపెడితే వసంతం దాకా, లేకపోతే క్రిస్మస్ చూస్తుందో లేదో అన్నాడట. మందులు వద్దని చెప్పి వచ్చేసిందట. నన్ను కారు తీయమని పంపింది అందుకే. ఈ ఒక్క అక్టోబరు మామూలుగా గడవాలని. ఇవాళ ఇక్కడే చెప్పాలనుకున్నది ఎందుకంటే, గ్లాస్ గార్డెన్‌లో అందరి ముందూ నేను గొంతు పెంచలేనని.

పెంచాను. బెంచీ మీదే. వెర్నా వద్దు వద్దంటుంటే ఏదేదో అరిచాను, డాక్టర్ని, తనని, నన్ను. పిల్లల బండిలో పాపని నెట్టుకుంటూ పోతున్న ఒక తల్లి ఆగి చూసింది. నేను పట్టించుకోలేదు. తర్వాత ఏడ్చాను. వెర్నా ఏడవలేదు. తన ఏడుపు సెప్టెంబర్లోనే అయిపోయిందట, బాత్రూంలో, షవర్ తిప్పి. నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్న అదే బాత్రూం.

ఆరూ ఇరవై అయిదుకి రోసాల్బా స్వయంగా బయటికి వచ్చింది. ఇద్దరికి, కిటికీ పక్కన, రండి అంది.

నేను లేవలేదు. ఇంకెవరికైనా ఇచ్చేయండి అనబోయాను. వెర్నా నా మోచెయ్యి పట్టి లాగింది. మూడు రోజులు నన్ను బెంచీల మీదా స్టూళ్ల మీదా కూర్చోబెట్టి సంపాదించిన టేబులు, ఎవడికో ఇస్తావా, లే, ఆకలేస్తోంది అంది.

వెళ్లాం. చేప తెప్పించుకుంది. ప్లేటు ఖాళీ చేసింది, ఆగస్టు తర్వాత ఇదే మొదటిసారి. నేను రొట్టె ముక్కలు చేస్తూ కూర్చున్నాను. సరస్సు మీద దీపాలు పెట్టారు. మందుల గురించి మళ్లీ అడిగాను. తిననివ్వు అంది.

అక్టోబరు 19, ఉదయం 6.03

వెర్నా ఐదున్నరకే లేపింది. ఇవాళ్టి నుంచి అరవై రోజులంటే డిసెంబరు పద్దెనిమిది. ఫోన్ నా చేతికిచ్చింది, నువ్వే నొక్కు, ఆలోచించకు అంది. ఆరు కొట్టింది. గ్లాస్ గార్డెన్ తెరుచుకుంది. ఎంతమంది అని ఫోన్ అడిగింది.

ఇద్దరం.