బూట్ కాని ల్యాప్‌టాప్‌లో నూర్జహానక్క నెమలి

శనివారం, ప్రొద్దుటూరు.

విండోస్ మరీ నత్తనడక అయిందని మగ్గం పని చేసే నూర్జహానక్క పాత ల్యాప్‌టాప్‌లో పొద్దున దాన్ని తీసేసి లినక్స్ ఎక్కించాను. రీస్టార్ట్ చేస్తే బూట్ కాలేదు, అంతా నల్ల తెర. అక్క మగ్గం డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి.

"ఏంది పాపా, నా పూలన్నీ పోయినాయా?" అంది.

"పోలేదక్కా" అన్నాను గానీ నాకే నమ్మకం లేదు.

ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌తోనే మళ్ళీ తెరిచి చూస్తే వేరే డ్రైవ్‌లో ఉన్న డిజైన్లు భద్రంగా ఉన్నాయి. మెషీన్ ఎలా మొదలవ్వాలో చెప్పే సెట్టింగులు, అదే బయోస్‌లోకి వెళ్తే సంగతి తెలిసింది. మెషీన్ ఇంకా పాత విండోస్ కోసమే వెతుకుతోంది. లినక్స్‌ను మొదటి వరసకు మార్చగానే బూట్ అయింది.

అక్క నేరుగా ఒక నెమలి డిజైన్ తెరిచింది. "మా అమ్మ కండ్లు పోకముందు గీసిన కడాపటిది. కాగితం చెదలు తినింది, ఇంగ యాడా లేదు" అంది.

ముందే చెప్పుంటే ఆ ల్యాప్‌టాప్ ముట్టుకునేదాన్నే కాదు.