యోనా పండుకున్న చోటు

ధ్యానవనం, మంచిర్యాల దగ్గర
28 అక్టోబరు 1961

ప్రియమైన బాపుకు,

నీ బిడ్డ ఎస్తేరు వందనాలు. ఈ ఉత్తరం ముందు నువ్వొక్కడివే చదువుకో. అవ్వకు వినిపించాలా వద్దా అన్నది చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది.

సభ మొదలై రెండు రోజులైంది. మద్రాసు నుంచి, నాగపూర్ నుంచి వచ్చిన పండితులు పునరుత్థానం గురించి ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, నీలాంటి పల్లె ఉపదేశుల కోసం నేను తెలుగులో చెబుతున్నాను. ఒకాయన నిద్రలో కూడా తల ఊపుతాడు. అడవిలో పిట్ట కూస్తే చాలు, పండితులు మాట ఆపి, ఎంత ప్రశాంతమో అని మురిసిపోతారు.

నేను బయల్దేరేటప్పుడు అవ్వ నా చెవిలో ఒక మాట చెప్పింది. "మీ బాపుకు దగ్గు తగ్గలే. ఈ ఏడు సమాధుల పండుగకు తమ్ముని సమాధికి నువ్వే సున్నమెయ్యి బిడ్డా." మనం ఈ పక్క గూడెంలో ఉన్నప్పుడు అవ్వ కడుపున పుట్టిన మూడేళ్ల యోనా పోతే, ఊరి శ్మశానంలోకి రానివ్వక, ఈ ఇప్పచెట్ల కింద పెట్టారు కదా. పొద్దున సున్నం బకెట్ పట్టుకుని వెతికాను. సమాధి లేదు. ఆ చోటంతా చదును చేసి ఉంది. ప్రార్థనకు చాపలు పరిచేది అక్కడే. నిన్నంతా నేనూ అక్కడే కూర్చున్నాను.

కావలి పోశం తాత నా చేతిలోని బకెట్ తీసి కింద పెట్టాడు.

"ఎతుకకు బిడ్డా. దొరలు ఈ ధ్యానవనం కట్టనీకి జాగ సూడ వచ్చిననాడు ఇది ఖాళీ జాగ అని చెప్పింది మీ బాపే. అయిదు సమాధులుండె. రాళ్లన్ని తనే మోసుకపోయి వాగుల ఏసిండు. ఏడ్సుకుంటనే ఏసిండు."

"ఎందుకట్ల చేసిండు తాతా?"

"సమాధులున్నయంటె వాళ్లు వేరే జాగ సూసుకుందురు. గీడ కడితె మన గూడెపోళ్లకు బాయి అయితది, బడి అయితది అన్నడు. అయినయి గద మరి! నేను గా బాయి నీళ్లే తాగుతున్న."

మరి సమాధి లేని ఈ ఎనిమిదేళ్లుగా సున్నం ఎక్కడ వేశావు బాపూ? ఏటా పండుగకు మంథని నుంచి బస్సెక్కి వచ్చి, తిరిగి ఇంటికెళ్లి, "తెల్లగ మెరుస్తుంది కొమురవ్వా" అనేవాడివి. ఆ ఒక్క మాట మీద అవ్వ ఏడాదంతా బతికేది. నాకు కోపం ఎక్కువో ఏడుపు ఎక్కువో తెలియడం లేదు. అవ్వకు అక్షరాలు రావు. నేనేం రాసినా నీ నోటి గుండానే ఆమెకు చేరాలి. అందుకే అడుగుతున్నాను, ఇదంతా నువ్వే చదివి వినిపించు. చదవకపోతే సభ అయ్యాక నేనే వచ్చి చెబుతాను.

నీ మీద అలిగిన బిడ్డ,
ఎస్తేరు

ధ్యానవనం
3 నవంబరు 1961

బాపూ,

నువ్వు చదివావు. నిన్న పొద్దున మొదటి బస్సుకు అవ్వ ఒక్కతే దిగింది. "మీ బాపు అంత సదివిండు. నడుమ రెండుసార్లు ఆగిండు. నేనే సదువుమన్న" అంది.

అందరూ ప్రార్థనకు వస్తున్న వేళ. అవ్వ చెప్పులు విడిచి చాపల అంచున నిలబడింది. సభ పెద్ద, మద్రాసు అయ్యగారు, ఈమె ఎవరని అడిగారు. మా అవ్వ అని చెప్పాను, ఆ చాపల కింద తమ్ముడున్న సంగతీ చెప్పాను. నీ పేరు మాత్రం చెప్పలేదు. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "వాళ్ల మాటలు మనోళ్లకు చెప్తవట గద. నా మాట గూడ వాళ్లకు చెప్పు. అయ్యా, మిమ్ములను లెవ్వమంటలేను. కూసోండ్రి. జర మెల్లగ కూసోండ్రి. మా పిలగాడు మూడేండ్లోడు."

ఇన్ని రోజులు పునరుత్థానాన్ని తడుముకోకుండా చెప్పిన నేను ఈ మాటను ఒక్కో ముక్కా పేర్చుకుంటూ చెప్పాను. ఎవరూ కూర్చోలేదు. అవ్వ గాబరాపడి, "కూసోమంటి గదనే! సరిగ్గ చెప్పినవా?" అని నన్నే కసిరింది.

గుర్తుకు రాయి నాటిస్తాం, చోటు చూపించమన్నారు అయ్యగారు. పోశం తాత ఒక చోటు చూపి, కాదంటూ ఇంకో చోటుకు నడిచాడు. అవ్వ గుర్తు పెట్టుకున్న మూడు చెట్లనూ ఎప్పుడో కొట్టేశారు. మధ్యాహ్నం దాకా మోకాళ్లు పట్టుకుని తిరిగి తిరిగి, చివరికి ఒక దగ్గర కూలబడింది.

"మీ బాపుకు ఉత్తరం రాయి" అంది. "నాకు కోపం పోలేదని రాయి. గని పిలగాడు ఏడ పండుకున్నడో ఆయనకొక్కనికే ఎరుక. వచ్చి సూపెట్టమను. అందాక నేను ఈడనే ఉంట."

రా బాపూ.

అవ్వ పక్కన కూర్చుని రాస్తున్న,
ఎస్తేరు