ఎడమకన్ను లేని కోడి

పింగాణీ కార్ఖానాలో ముప్పైరెండేళ్ళు కళ్ళు దిద్దే పని చేసి, అక్కడివాళ్ళందరి చేతా "కుడికన్ను" అనిపించుకున్న నేను, డెబ్బై మూడేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, నా చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. తెలివి సంగతి ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని ముందే చెప్తున్నాను. ఇది మొదలుపెట్టాక పొయ్యి కట్టేశానో లేదో చూడడానికి మూడుసార్లు లేచాను. మూడుసార్లూ కట్టేసే ఉంది. కాబట్టి నాకు మతి ఉన్నట్టే. దస్తావేజులు రాసే ఆయన చెప్పిన మాటలు గుర్తున్నంతవరకు వేశాను. తప్పులుంటే మన్నించాలి, నేను చదివింది ఐదో తరగతి.

నాకు పిల్లలు లేరు. ఆయన పోయి పంతొమ్మిదేళ్ళు. ఇల్లు అద్దెది. నా స్వార్జితం అంటే వంటగదిలో అలమర, అందులో ఉన్న జంతువులు. మా కార్ఖానాలో పళ్ళెం, కప్పు, గిన్నె ఏది చేసినా ఏదో ఒక జంతువులా చేసేవాళ్ళం. వంకర వచ్చినవాటిని మమ్మల్నే తీసుకుపొమ్మనేవారు. అందుకని నా దగ్గరున్నవాటిలో దేనికీ ఒళ్ళు బాగాలేదు.

ఈ వీలునామాను అమలు జరపడానికి కింది వాటాలో గడియారాలు బాగుచేసే అన్నయ్యగారిని నియమిస్తున్నాను. ఆయన చేతులు వణకవు. అయినా అన్నీ ఒకేసారి మోసుకుంటూ మెట్లు దిగవద్దని మనవి.

1. ఏనుగు టీ పాత్ర ఓనరమ్మకు. టీ తొండంలోంచి వస్తుంది. పోశాక కూడా ఒక్కో చుక్కా కారుతూనే ఉంటుంది. ఏనుగుకు జలుబు చేసిందని ఆయన నవ్వేవారు. పోసిన ప్రతిసారీ ముక్కు తుడవాలి. ఓనరమ్మ తుడవదని నాకు తెలుసు. కాని నా దగ్గు వినపడకపోతే "పిన్నిగారూ, ఉన్నారా?" అని తలుపు కొట్టేది ఆవిడొక్కతే.

2. పిల్లి పాలజగ్గు ఓనరమ్మ మనవరాలికి. పాలు పిల్లి నోట్లోంచి పడతాయి. మొదటిసారి పోసినప్పుడు "పిల్లి కక్కినవి నేను తాగను పో!" అని ఏడ్చింది. ఇప్పుడు ఏడేళ్ళు నిండాయి, ధైర్యం వచ్చి ఉంటుంది. రాకపోతే అందులో పూలు పెట్టుకోమనండి.

3. చేప పళ్ళేలు ఆరూ మా మరిది కొడుక్కి. నా ఇంట్లో వాడు తిన్నది ఒక్కపూట. ఆ పూట నలుగురి ముందూ "పెద్దమ్మా, ఇది పళ్ళెమా, చేపల తొట్టా?" అన్నాడు. తిన్నంతసేపూ పళ్ళెంలో కన్ను వాణ్ణే చూసింది. ఇకమీదట ఆరు చూస్తాయి. నా నిచ్చెన కూడా వాడి దగ్గరే ఉంది. ఉండనివ్వండి, కాని అది నాదని ఒకసారి గుర్తుచేయాలి.

4. గుడ్లగూబ ఉప్పుబుడ్డి గడియారాల అన్నయ్యగారికి. వాన పడితే ఉప్పు రాదు, నెత్తిన రెండు దెబ్బలు వేయాలి. ఆయనా ఒక్కరే కూర్చుని తింటారు. ఎదురుగా ఏదో ఒకటి మనల్ని చూస్తూ ఉంటే ముద్ద దిగుతుంది, అనుభవం మీద చెప్తున్నాను.

5. కుందేలు కప్పులు రెండు, చెవులే పిడి. నేను తాగేది ఒక్కదాంట్లోనే. రెండోది దుమ్ము పడుతుందని దాన్నీ రోజూ బల్ల మీద పెడతాను, కడుగుతాను, పక్కపక్కనే బోర్లిస్తాను. వీటికి ఎవరి పేరూ రాయలేదు. మర్చిపోయి కాదు.

6. గుడ్లు దాచుకునే కోడిగిన్నె నా చెల్లెలికి. (కొట్టివేయడమైనది)

దీని గురించి వివరంగా రాయక తప్పదు. చెల్లెలూ నేనూ ఒకే బల్లకు ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. నేను కుడికన్ను దిద్ది తోస్తే, తను ఎడమకన్ను దిద్దేది. కళ్ళు పడేదాకా అది గిన్నె, పడ్డాక కోడి. మా ఇద్దరికీ పేర్లు కూడా అవే పడ్డాయి.

పద్నాలుగేళ్ళ కిందట నలభై బాతులు మెల్లకన్నుతో బట్టీలోంచి వచ్చాయి. సూపర్‌వైజరు ఒక బాతును ఎత్తిపట్టి "ఇది ఎవరి కన్ను?" అన్నాడు. నేను "నాది కుడి" అన్నాను. అబద్ధం కాదు. కాని ఆ మాటతో అందరూ చెల్లెలివైపు తిరిగారు. తను "అక్కా, నువ్వు చెప్పు" అంది, అంతే. నేను కుంచె కడుగుతూ కూర్చున్నాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది. తను ఏప్రన్ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు పూర్తి స్పృహతో ప్రకటించేదేమంటే, తప్పు నా కంటిది. కంట్లో పొర వస్తోందని, తెలిస్తే పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. గింజంత పైకి దిద్దింది నేను. తను ముక్కు నుంచి కొలుచుకుని సరిగ్గానే దిద్దింది. తర్వాత పొర తీయించుకుని, రెండేళ్ళు రెండు కళ్ళూ నేనే దిద్దాను. ఆ రోజు బల్ల మీద మిగిలిపోయిన ఈ కోడికి తప్ప. దీని ఎడమ పక్కను గోడవైపు తిప్పి పెడుతున్నాను. చెల్లెలు దారాలు, గుండీలు అమ్మే కొట్టు ఇక్కడికి రెండు స్టాపులే. నేను ప్రతిసారీ ఒక స్టాపు ముందే దిగి వెనక్కి వచ్చేస్తాను.

సాక్షిగా చెల్లెలి పేరు చెప్తే దస్తావేజుల ఆయన ఒప్పుకోలేదు. వీలునామాలో ఏదైనా అందుకునే మనిషి సాక్షి సంతకం పెట్టకూడదట. "కోడి ఇస్తారో, సంతకం పెట్టిస్తారో తేల్చుకోండమ్మా" అన్నాడు. నాలుగు రోజులు అన్నం సహించలేదు. వీలునామా నేను పోయాక నడిచే కాగితం. అప్పుడు కోడి వెళ్తే, తను ఒక్కతే కూర్చుని చూసుకోవాలి. సాక్షి అయితే నేనుండగానే రావాలి, నా ఎదురుగా కూర్చోవాలి. అందుకే ఆరో అంశాన్ని నేనే కొట్టేశాను, రాసింది కనపడేలా ఒకే గీతతో. ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు తను. చదవనీ.

సాక్షులు ఇద్దరు ఉండాలట, తను రాకపోతే ఈ కాగితం చెల్లదు. చెల్లకపోతే నా జంతువులు ఎవరి పాలవుతాయోనని బెంగగానే ఉంది. అయినా తన బదులు ఇంకొకరిని పిలవవద్దు. అన్నయ్యగారు ఈ కాగితాన్ని ఇవాళే కొట్టుకు తీసుకెళ్ళి తన చేతికే ఇవ్వాలి.

తేదీ: మార్చి పద్దెనిమిది, మంగళవారం, పొద్దున పదకొండు కావస్తోంది. పొయ్యి కట్టేసే ఉంది.

సంతకం: కుడికన్ను

సాక్షులు:

కుడి పక్క: పక్క వాటా నర్సమ్మ. చెల్లెలు వచ్చిన రోజున తనూ వచ్చి కూర్చుంటానంది.

ఎడమ పక్క: ఎడమకన్ను. చోటు వదిలాను. పెన్ను బల్ల మీద పెట్టాను. సన్న కుంచె, నల్లరంగు, కోడి కూడా అక్కడే ఉన్నాయి. బట్టీలో కాల్చని రంగు నిలవదు, కడిగితే పోతుంది. పోతే మళ్ళీ వచ్చి దిద్దాలి. నేను గిన్నెలు రోజూ కడుగుతాను.