ఖాళీ సోఫా ముందు ఏడుపు

సుశీల వదినా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే, మనిద్దరం ప్రేక్షకులుగా వెళ్ళే ఆ టీవీ టాక్ షో షూటింగుకు ఒక్కదాన్నే వెళ్ళాను. బోధన్ బస్సులో నీ సీట్లో ఎవరో చెరుకు రైతు గురకపెట్టాడు, నీకంటే నయమే.

నీకు తెలిసిందేగా, అతిథి రాకముందే ఖాళీ సోఫా ముందు కూర్చోబెట్టి మన నవ్వులు, చప్పట్లు కెమెరాలో తీసుకుంటారు. ఈసారి ఏడుపు కూడా కావాలన్నారు. ఎంతకీ రాలేదు. దవాఖానలో నువ్వు చివరిసారి నా చెయ్యి పట్టుకున్నది తలచుకున్నాను. కన్నీళ్ళు బొటబొటా కారాయి.

కెమెరా దగ్గరి పిల్ల ఉరికొచ్చింది. "అవ్వా, మస్తు ఏడ్సినవ్! కెమెరాకు అందలే, ఇంకోసారి ఏడువు."

"గిదేమన్న నల్లానా బిడ్డా, ఇప్పంగనే నీళ్ళొచ్చెటందుకు?" అన్నాను. అందరూ నవ్వారు.

మొదలుపెట్టమని పిల్ల చెయ్యి ఊపింది. మళ్ళీ నిన్నే తలచుకున్నాను వదినా. మొదటిసారి కంటే బాగా వచ్చింది.

ఆదివారం వేస్తారట. టీవీకి ఎదురుగానే నీ ఫోటో. నీ ముందు ఆ షో పెట్టడానికి మొహం చెల్లడం లేదు.