మిరుగం నాటి ఇంగువ

జూన్ 8, ఆదివారం

మిరుగం, మృగశిర కార్తె మొదలు. పొద్దున్నే నాలుగు చినుకులు. అమ్మ ఎప్పటిలాగే బెల్లంలో ఇంగువ కలిపి ఉండ చేసి చేతిలో పెట్టింది. ఈ రోజు తింటే వానాకాలమంతా జలుబూ దగ్గూ దగ్గరికి రావని ఆమె నమ్మకం. నమిలాను. తీపి, కాస్త చేదు, అంతే. ఇంగువ అంటే వీధి చివరికి తెలియాలి కదా. దుకాణంవాడు పిండి కలిపి అంటగట్టాడు. ఆ మాటే అంటే అమ్మ నవ్వేసింది. సుజాతకు మాత్రం పెట్టలేదు, కడుపుతో ఉన్నవాళ్ళకు వేడి అని.

ఐదో నెల. ఇంతకుముందు రెండుసార్లూ నాలుగు దాటలేదు. ఈసారి దాటింది. ఈ మాట కాగితం మీద పెట్టాలన్నా భయంగానే ఉంది.

రెండోసారి పోయినప్పుడు సంగారెడ్డి డాక్టరమ్మ ఏ నీళ్ళు తాగుతారని అడిగింది. బావి నీళ్ళన్నాం. ఆవిడ తల ఊపి చీటీ రాసింది. ఏడాదిగా ఆ తల ఊపడమే నన్ను తినేస్తోంది. ట్యాంకర్ ఒకరోజు వస్తే మూడు రోజులు రాదు. ఈసారి బావి చుక్క ఆమె గొంతు దిగనివ్వను. వాన నీళ్ళే. ఆకాశం నుంచి వచ్చే నీళ్ళలో ఎవడూ ఏమీ కలపలేడు.

జూన్ 10

డ్రమ్ము తెచ్చాను. నీలం రంగుది, మూత బిగుతుగా ఉంది. సైకిల్ క్యారియర్‌కు తాళ్ళతో కట్టి, యార్డు నుంచి మా ఊరు చిట్కుల్ దాకా నడిపించుకుంటూ.

యార్డులో నా పనే అది... కెమికల్ కంపెనీల నుంచి వచ్చిన ఖాళీ డ్రమ్ముల మీద లేబుళ్ళు గీకడం, కడిగించడం, అమ్మకానికి పంపడం. ఎనిమిదేళ్ళు. మా వాడలో ఏ ఇంటి ముందు చూసినా నా చేతి మీదుగా పోయిన డ్రమ్మే, నీళ్ళు నింపుకుని కూర్చుంటుంది. అయినా మా ఇంటికి ఇంతవరకు ఒక్కటీ తేలేదు. ఈ రోజు వరసలో పదింటిని మూత తీసి వాసన చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. అందులో కొత్తగా కనిపించిందాన్ని ఏరాను.

చేరిన కొత్తలో కళ్ళు మూసుకుని ఏ డ్రమ్ములో ఏముందో చెప్పేవాణ్ణి. సూపర్‌వైజర్ పందెం కాసేవాడు. ఇంట్లోనూ అంతే. నీళ్ళయినా పాలయినా ముందు నా ముక్కు దగ్గరికే వస్తాయి.

జూన్ 11

బూడిదతో రెండుసార్లు. చింతపండుతో రెండుసార్లు. రోజంతా ఎండలో బోర్లించాను.

సాయంత్రం పెంకుల చూరుకు రేకు కాలువ కట్టాను, అది నేరుగా డ్రమ్ములోకి. మూతికి అమ్మ పాత చీర ముక్క, నాలుగు మడతలు. అమ్మకు ఇదంతా పిచ్చిపనిలా ఉంది. తను బావి నీళ్ళు తాగే ముగ్గుర్ని కన్నదట. అప్పటి బావి వేరు అన్నాను. అప్పుడు వాగు కూడా వేరు, కంపెనీల నీళ్ళు కలిసేవి కావు. ఆమె చీర ముక్క చింపి ఇచ్చింది గానీ, ఆ డ్రమ్ము నీళ్ళు మాత్రం ముట్టనంది.

జూన్ 13

మంచి వాన. మొదటి పావుగంట కాలువ తిప్పేసి వదిలేశాను, పెంకుల మీది కంపెనీ చిమ్నీల మసి పోవాలని. తర్వాత నింపాను. సగానికి పైనే. ముందు నేనే ఒక గ్లాసు తాగాను. చల్లగా ఉన్నాయి. సుజాతకు ఇచ్చాను.

చాన్నాళ్ళ తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

జూన్ 15, ఆదివారం

సెలవు. పెరట్లో పుంటికూర, పాలకూర, రెండు బీర పాదులు. యూరియా వేయను. పెంటకుప్ప ఎరువు, వేపాకు కషాయం. ఇంట్లోకి పాలిథిన్ సంచి రావద్దని చెప్పాను. సంతకు గుడ్డ సంచి, గిన్నెలకు బూడిద, చుట్టాలొస్తే మోదుగాకు విస్తర్లు. పొలం వాగు పక్కన ఉండి పాడైపోయింది, అక్కడ నేను చేయగలిగింది లేదు. ఈ నాలుగు మళ్ళయినా, ఈ ఇల్లయినా శుభ్రంగా ఉండాలి. ఆమె తినేదీ తాగేదీ అంతా ఇక్కడిదే కావాలి.

సుజాతకు నవ్వు. "దినమంతా కంపెనీల విషం కడుగుతవు. ఇంటికొచ్చి మునివైతవు."

ఏం చేయను మరి. జీతం అక్కడ, భయం ఇక్కడ.

జూన్ 17

ఎండ కాసింది. సాయంత్రం నేను రాగానే సుజాత చెంబు నా ముందు పెట్టింది. "జెర వాసన సూడు. మాగిపోయిన మామిడిపండు లెక్క వస్తుంది."

చూశాను. ఏమీ లేదు. మళ్ళీ చూశాను. లేదు. అమ్మ అరుగు మీద నుంచే తేల్చేసింది, కడుపుతో ఉన్నప్పుడు అంతేనని, నేను కడుపులో ఉన్నప్పుడు తనకు వడ్ల వాసన కూడా పడేది కాదని. నేనూ నవ్వాను. సుజాత చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది.

జూన్ 19

ముక్కు మూసుకుని తాగుతోంది. బిడ్డ కోసం అన్నాను. తాగింది.

జూన్ 21

పుంటికూర ఆకుల అంచులు పసుపెక్కాయి. డ్రమ్ము నీళ్ళు ఎక్కువ పోశానేమో. రేపు తగ్గించాలి.

జూన్ 22, ఆదివారం

బర్రె డ్రమ్ము నీళ్ళ బకెట్‌లో మూతి పెట్టి తీసేసింది. అదిలించాను, తిట్టాను. పెట్టదు. బావి నీళ్ళు పోస్తే గటగటా తాగేసింది, ఆ పసుపు నీళ్ళు.

సుజాత గుమ్మంలో నిలబడి చూసింది. నేను పశువును కొట్టాను. ఎందుకు కొట్టానో తెలియదు.

జూన్ 23

యార్డులో సుదామ్ ఒక డ్రమ్ము మూత తిప్పగానే తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి ఉరికాడు. ఒరిస్సా కుర్రాడు, వచ్చి నెల కూడా కాలేదు. నేను ఆ డ్రమ్ము పక్కనే నిలబడి ఉన్నాను. కళ్ళు మండాయి, అంతే.

"భయ్యా, ఆప్ కో బద్బూ నహీ ఆతీ?"

కంపు వస్తోందనే అన్నాను. అబద్ధం. మూత బిగించాను. తర్వాత లెట్రిన్‌లోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుని నిలబడ్డాను. అక్కడ కూడా ఏ వాసనా లేదు. లెట్రిన్‌లో.

జూన్ 24

సెలవు పెట్టాను. సుజాత సంతకు పోయేదాకా ఆగి...

కిరోసిన్ డబ్బా. లేదు.
ఉల్లిగడ్డ కోశాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. వాసన లేదు.
అగరుబత్తి. లేదు.
ఇంగువ డబ్బా. మూత తీసి ముక్కులో పెట్టుకున్నంత దగ్గరగా. లేదు.

అమ్మను పిలిచి డబ్బా చూపించాను. దుకాణంవాడు మోసం చేశాడు కదా అన్నాను. ఆమె మొహం అటు తిప్పుకుంది. "ఇల్లంత గుప్పుమంటుంది, మూత పెట్టు బిడ్డా. మంచిదే ఇచ్చిండు."

అప్పుడు డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళి వంగి చూడమన్నాను. ఇన్నాళ్ళూ ఆమె దాని దగ్గరికే రాలేదు. వంగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది. "పిల్ల నిజమే చెప్పింది కదరా."

పది రోజుల పైనే తాగింది. నేను తాగించాను. బిడ్డ కోసం అని, దగ్గర నిలబడి.

జూన్ 25

సుజాతతో డ్రమ్ములో పురుగులు పడ్డాయని చెప్పాను. ఇక ఆ నీళ్ళు వద్దని. సరే అంది. ఎందుకూ ఏమిటీ అని అడగలేదు. అడిగితే బాగుండేది.

ఆ డ్రమ్ములో ముందు ఏముందో కనుక్కుందామని యార్డులో అందర్నీ అడిగాను. ఎవరికీ తెలియదు. లేబుల్ చూస్తే తెలుస్తుందన్నారు. లేబుల్ గీకింది నేనే. గీకిన ముక్కలు వారానికోసారి తగలబెట్టేదీ నేనే. డాక్టరమ్మ అడిగితే ఏ మందు పేరు చెప్పను? చేతిలో గీకుడు కత్తి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పిచ్చెక్కేలా ఉంది.

జూన్ 26

నీళ్ళు పారబోయాలి. ఎక్కడ?

పెరట్లో పోస్తే ఆ మళ్ళు కూడా పోతాయి. బావి పది గజాల్లో ఉంది. వీధిలో పోస్తే వాలు వాగువైపే. వాగు ఎలాగూ చచ్చిందని అమ్మ అంది. నిజమే, కానీ దిగువ ఊళ్ళో ఇంకా దాని పక్కనే చెలమలు తవ్వి నీళ్ళు తోడుకుంటారు. వాగును ఎవరు చంపారని ఇన్నేళ్ళూ తిట్టాను? ఇప్పుడు చెంబు పట్టుకుని నేనే పోయాలా?

పొద్దున యార్డు గేటు దగ్గర అడిగాను, డ్రమ్ము వెనక్కి తీసుకోమని. బయటికి పోయింది ఇక మాది కాదన్నారు. తప్పుగా ఏమీ మాట్లాడలేదు, మర్యాదగానే చెప్పారు.

మూత బిగించి పైన రాయి పెట్టాను. పెరట్లో అలాగే ఉంది.

జూన్ 27

కుండపోత. రేకు కాలువ పీకేశాను గనుక చూరు నీళ్ళన్నీ వీధిలోకి. మంచి నీళ్ళు, కళ్ళముందే కొట్టుకుపోతున్నాయి. ఇంట్లో ఉన్న గిన్నెలు, చెంబులు, అన్నం వార్చే తపేలా, అన్నీ వాకిట్లో పరిచాను. తడిసి ముద్దయ్యాను. అమ్మ తన పాత మట్టి గోళెం దొర్లించుకొచ్చింది. ఇదివరకు వడ్లు పోసేది. ముందే ఇది అడగాల్సింది. నాకు నీలం డ్రమ్ము తప్ప కనిపించలేదు.

సుజాత లోపల పడుకునే ఉంది. నిన్న మొన్న బిడ్డ కదిలినట్టుండే, ఇయ్యాల తెలుస్తలేదని అమ్మతో అన్నదట. అమ్మ నాకు చెప్పింది. ఈ నెలలో అట్లనే ఉంటదని కూడా చెప్పింది. ఆ రెండోమాట నన్ను చూసి కలిపిందని నాకు తెలుసు.

జూన్ 28

పుంటికూర పీకేశాను. పాలకూర కూడా. పీకి, ఆ మొక్కల్ని ఎక్కడ పడేయాలో తెలియక సంచిలో కట్టి డ్రమ్ము పక్కనే పెట్టాను.

ఆమెకు చెప్పాలి. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్తే భయపడుతుంది, భయం మంచిది కాదు. ఈ సాకు కూడా నాదే.

జూన్ 29, ఆదివారం

పొద్దున సుజాత గోళెంలో నీళ్ళు గ్లాసుతో ముంచుకొచ్చింది. తాగలేదు. నాకు అందించింది. "నువ్వే సూడు. నా ముక్కు ఒట్టిదంటిరి కదా."

గ్లాసు తీసుకున్నాను. అలవాటుగా ముక్కు దగ్గర పెట్టాను. బాగున్నాయి అని అనేయొచ్చు. మట్టి గోళెం, వాన నీళ్ళు, బాగానే ఉంటాయి. ఆమె నా మొహమే చూస్తోంది, నేను ఏదంటే అది నమ్మేలా.

చెప్పేశాను. నాకు వాసన తెలియదని. డ్రమ్ములో పురుగులు పడలేదని. నువ్వు చెప్పిందే నిజమని.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. గ్లాసు నా చేతిలోంచి తీసుకుని తనే వాసన చూసుకుంది, చాలాసేపు. మట్టి వాసన అంది. ఒక గుక్క తాగింది.

తర్వాత అడిగింది. "ఎప్పటిసంది?"

తెలియదన్నాను.

"పోయినసారి బాయి నీళ్ళు కంపు కొడుతున్నయంటే, నువ్వే వాసన సూసి తాగమన్నవ్. అంతకుముందుసారి గూడ."

ఆమె లేచి రేపటికి బట్టలు సర్దుకుంటోంది. పొద్దున మొదటి బస్సు, సంగారెడ్డి. నేను ఇంగువ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాను. వెనక్కి లెక్కపెడుతున్నాను. చివరగా ఏ వాసన చూశాను... పోయినేడు మిరుగం నాడు ఇంగువ ఘాటుగా ఉందా? అంతకుముందేడు? సుదామ్‌కు ముందు ఆ పనిలో ఉన్నవాడు ఇలాగే డ్రమ్ము దగ్గర నుంచి పరుగెత్తినప్పుడు నేనూ పరుగెత్తానా?

గుర్తు రావడం లేదు.