నోట్లో పెట్టుకునే ముందు

మంగళవారం రాత్రి, వజ్రపుకొత్తూరు

నాన్నకి పలాసలో డయాలసిస్ చేయించి సాయంత్రానికి ఇంటికి తెచ్చాను. విశాఖలో నేను చేరిన డైవింగ్ కోర్సు గురించి ఆటోలో అడుగుతూనే ఉన్నాడు. సముద్రంలో బాగా లోతుకి వెళితే మామూలు గాలి మత్తెక్కిస్తుందని, అందుకే సిలిండర్లో హీలియం కలుపుతారని చెప్పాను. కలిపింది ఎవరైనా సరే, గొట్టం నోట్లో పెట్టుకునే ముందు ఎవరి సిలిండర్లో ఏ గ్యాసు ఎంతుందో వాళ్లే మీటరుతో చూసుకోవాలి. మాకు నేర్పిన మొదటి పాఠం అదేనన్నాను.

ఇంటికొచ్చాక నాన్న పెరట్లో మంచమ్మీద కూర్చుని, మా నూతి వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఊర్లో ఎవులింట పెల్లయినా ఈ నుయ్యి నీల్లే. తియ్యగుంటాయని నానే తోడి పోసీవోడిని. ఆ మీటరు నీల్లలో ముంచితే ఏటైనా సెప్తాదా?"

"అది గాలికే నాన్నా. అయినా ఊళ్లో ఇంతమందికి వచ్చిన ఈ కిడ్నీ జబ్బు నీళ్లవల్లేనని ఎవరూ తేల్చలేదు కదా."

"నీల్లు కాదని కూడా తేల్చనేదు గదా."

ఆయన చేతి నీళ్లు తాగి, తరువాత కిడ్నీలు పాడై చనిపోయినవాళ్లు ఒక్కొక్కరే గుర్తొస్తున్నారేమో.

పడుకునే ముందు పిలిచాడు. "నువ్వు మాత్రం సూసుకోకుండా ఏదీ తీసుకోకు బావూ. నాను పోసినా సరే."

ఆ నీళ్లు తాగే నేనూ పెరిగాను. లోతుకి దిగేలోగా కిడ్నీ పరీక్ష చేయించుకోమని కోర్సులో డాక్టరు రాసిచ్చి చాలా రోజులైంది. సిలిండర్లో గ్యాసు ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. ఆ పరీక్షకి మాత్రం ఇంకా వెళ్లలేదు.